నీళ్ళ గంట

18 ఏప్రిల్ 2003, శుక్రవారం

మంచి శుక్రవారం. పన్నెండు నుంచి మూడు దాకా చర్చిలో. పైన రేకులు. కరెంటు లేదు. మూడో మాట దగ్గరే మరియమ్మ గారు కళ్ళు తిరిగి పడిపోయారు. పక్క గదిలో పడుకోబెట్టి విసిరాం.

సిలువ మీద ఏడు మాటలు, ఏడుగురు ప్రసంగీకులు. ఐదోది, ప్రభువు దాహమన్న మాట, మామయ్య గారిది. నేను ఈ ఇంటికి కాపరానికి రాకముందు నుంచీ ఆయనదే. ఎప్పటిలాగే నల్ల ఉన్ని కోటు. ఎప్పటిలాగే పొద్దుట్నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టని ఉపవాసం. బాగానే ఎత్తుకున్నారు. మధ్యలో ఆగారు. జనాన్ని ఆ చివర నుంచి ఈ చివరకి చూసి — "హాజరు పట్టీ ఎవరి దగ్గరుందిరా?"

పిల్లలు నవ్వారు. మామయ్య గారు ఇంకా పట్టీ కోసం చూస్తున్నారు. మా ఆయన లేచి వెళ్ళి, వాళ్ళ నాన్న భుజం పట్టుకుని దించారు. హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి. నవ్విన పిల్లల తండ్రులకి కూడా చదువు చెప్పిన మనిషి.

19 ఏప్రిల్

పొద్దున కాఫీ తాగుతూ అడిగారు — "నిన్న ఎక్కడ ఆగానమ్మా?"

చెప్పాను. దాచలేదు. "దాని తర్వాత ఇది" అంటూ మిగతా ప్రసంగమంతా కుర్చీలో కూచునే చెప్పేశారు. ఒక్క తప్పు లేదు. గొంతు కూడా తొణకలేదు.

నిన్నటి మనిషేనా?

20 ఏప్రిల్, ఈస్టర్

ఆరాధన అయ్యాక సంఘ కార్యదర్శి దేవదానం గారు నన్ను పక్కకి పిలిచారు. "పెద్దాయన్ని ఇంక కష్టపెట్టొద్దు సుగుణమ్మ గారూ. ఆటగాళ్ళని చూడండి, పేరున్నప్పుడే తప్పుకుంటారు."

వెనకే మామయ్య గారు. విన్నారు.

ఇంటికి ఆటోలో వస్తున్నాం. బెంజ్ సర్కిల్ దాటాక — "ఏడో ఎక్కం రాక వీడు గోడకుర్చీ వేసిన రోజులు నాకు గుర్తున్నాయి. వీడికేం గుర్తుంటుందిలే."

సాయంత్రం భవానీపురం నుంచి వదిన ఫోను. "నాన్నకి మతిమరుపు జబ్బేనే సుగుణా. మొదలైతే ఇంక ఆగదు. మనసు గట్టి చేసుకోండి." ఫోను పెట్టేశాక ఈయన అన్నం కలుపుతూ కూచున్నారు, తినలేదు.

4 మే

మేడ మీద మామయ్య గారి గొంతు వినిపించడం లేదు. రోజూ తెల్లారగానే కంఠతా వచ్చిన బైబిలు వాక్యాలన్నీ వరసగా చెప్పుకోవడం ఆయనకి ముఖం కడుక్కోవడం లాంటిది. ఈస్టర్ నుంచి మానేశారు.

"ఎందుకు మానేశారండీ?"

"మధ్యలో ఆగిపోతే ఎవరందిస్తారమ్మా?"

27 మే

రోహిణి. మధ్యాహ్నం అన్నాలయ్యాక మేడ ఎక్కి పడుకున్నారనుకున్నాను. గేటు ముందు ఆటో ఆగింది. ఆ ఎండలో, ఉన్ని కోటుతో మామయ్య గారు. డ్రైవరు — "ఇన్‌స్పెక్షనుకి టైమైపోయింది, బడికి పోనియ్ అన్నాడమ్మా పెద్దాయన. ఏ బడంటే కూల్చేసిన బడి పేరు చెప్పాడు. జేబులో చీటీ మీద మీ పటమట అడ్రసుంది."

ఒళ్ళు పెనంలా ఉంది. నన్ను చూసి "మీరు ఏ సెక్షను?" అన్నారు.

అదే ఆటోలో ఆస్పత్రికి.

30 మే

మూడు రోజులు సెలైను. ఇవాళ పొద్దున కళ్ళు తెరిచి మొదటి మాట — "ఈ మంచం పక్కనున్నాయన గురక పెడుతున్నాడు, లేపి పక్కకి తిరగమనమ్మా."

మామయ్య గారే! పూర్తిగా మామయ్య గారే!

డాక్టరు గారు కుర్రాయన, మెదడు డాక్టరు. నిలబెట్టి అడిగారు — "ఎప్పుడెప్పుడు తేడాగా ఉంటారమ్మా?"

"మధ్యాహ్నాలండి. పొద్దుటి పూట ఉండదండి. వాన పడ్డ రోజున అసలుండదండి. మేడ మీద పడుకున్న రోజున ఎక్కువండి."

"ఇంత కచ్చితంగా ఎలా చెప్తున్నారు?"

"వండిపెట్టేదాన్ని కదండీ."

నవ్వారు. ఒంట్లో నీళ్ళు లేవు, ఉప్పు పడిపోయింది, పైన ఆ వేడి. వీటికి మెదడు లొంగిపోతుందట. బీపీ మాత్ర మార్చారు. ఇంకో మాట చెప్పారు. పెద్ద వయసులో దాహం తెలియదట. లోపల ఎండిపోతున్నా నోరు నీళ్ళు అడగదట.

జీవితమంతా దాహం మీద ప్రసంగం చేసిన మనిషికి దాహం తెలియడం లేదు. ఆస్పత్రి వరండాలో నాకు నవ్వాగలేదు. ఈయన కంగారుపడి నీళ్ళు తెచ్చి ఇచ్చారు.

వదిన అనే ఆ జబ్బు సంగతీ అడిగాను. డాక్టరు గారు — "ఉండొచ్చు, లేకపోవచ్చు. ఇప్పుడే చెప్పలేనమ్మా. గోడలో ఉన్న చిన్న బీటని వాన బయటపెట్టినట్టు, వేడి బయటపెడుతుంది. బీట ఎంతుందో వేడి తగ్గాక చూడాలి. ఎండలు ఏటేటా ముదురుతున్నాయి. మా వార్డులో ఇలాంటి పెద్దవాళ్ళు పెరుగుతున్నారు."

సరే. వేడి నా చేతిలో లేదు. ఇల్లు నా చేతిలో ఉంది.

2 జూన్

ఆయన ఇంటికి వచ్చేలోపే మకాం మార్చేశాను. మేడ గది ఖాళీ. కింద ఉత్తరం వైపు గది ఆయనకి, మంచం, బల్ల, పుస్తకాలు, అద్దం, అన్నీ అవే వరసలో. గుమ్మానికి వట్టివేళ్ళ తడికలు. బావి నీళ్ళతో తడపడం నా పని.

వచ్చి, గుమ్మంలో నిలబడి — "నా గది ఎవరు దించారు?"

"మీకు మెట్లెక్కే పని లేకుండా అదే దిగొచ్చిందండి."

చూశారు. లోపలికి వెళ్ళి తడిక వాసన పీల్చారు. మంచమెక్కారు. గెలిచాను.

5 జూన్

డాబాకి సున్నం వేయిస్తున్నాను. ఈయన ఆటోనగర్‌లో షాపు కట్టేసి వచ్చి, తలెత్తి చూసి — "గోడలకి వేసే సున్నం డాబాకేంటి సుగుణా? పావురాలకి పెళ్ళా?"

రాత్రి హాల్లో చాప మీద పడుకుని ఆయనే — "కప్పు కాస్త చల్లబడింది కదూ?"

జవాబు కప్పే చెప్తోంది.

9 జూన్

నీళ్ళతోనే యుద్ధం. గ్లాసు పెడితే అలాగే ఉంటుంది. "దాహం వెయ్యట్లేదమ్మా" అంటారు. బతిమాలితే విసుగు. కోప్పడితే అటు తిరిగి పడుకుంటారు. గ్లాసు మీద ఈగ వాలాక నేనే తీసేస్తున్నాను.

12 జూన్

తట్టింది!

హెడ్మాస్టరు. మనుషుల మాట వినరు. గంట మాట వింటారు.

ఈయన్ని అడిగితే షాపు నుంచి పాత లారీ బ్రేకు డ్రమ్ము తెచ్చారు. వరండా దూలానికి కట్టాం. ఇనపరాడ్డుతో పది గంటలకి కొట్టాను. ఠంగ్‌మని పటమట సగం విని ఉంటుంది. మామయ్య గారు ఉలిక్కిపడి కుర్చీలోంచి లేచారు.

"ఏంటమ్మా?"

"మొదటి పీరియడండి. నీళ్ళు."

చేతిలో గ్లాసు పెట్టాను. నిలబడే గడగడా తాగేశారు. ఎందుకు తాగారో తెలియక ఖాళీ గ్లాసు వైపు చూశారు.

పదకొండింటికి మళ్ళీ. పన్నెండింటికి ఉప్పేసిన మజ్జిగ. అన్నిటికీ తాగారు!

14 జూన్

పక్కింటి పద్మ గోడ మీంచి — "ఏంటి పిన్నిగారూ, బడి పెట్టారా? మా ఆయన నైట్ డ్యూటీ చేసి పడుకుంటే మీ గంటకి లేచి లుంగీతో గేటు దాకా పరిగెత్తాడు!"

క్షమాపణ చెప్పి ముంజలు ఇచ్చాను. డ్రమ్ముకి గుడ్డ చుట్టాను. శబ్దం తగ్గింది. ఆజ్ఞ తగ్గలేదు.

17 జూన్

వాన జాడ లేదు. పేపర్లో భూమి వేడెక్కుతోందని సగం పేజీ. మంచుకొండలు కరుగుతాయట, సముద్రాలు లేస్తాయట. మెదళ్ళ గురించి ఒక్క ముక్క లేదు. రాసినాయన ఏసీ గదిలో కూచుని రాసి ఉంటాడు.

మామయ్య గారు చదివి అన్నారు — "మన చర్చి తాటాకు కప్పుగా ఉన్నప్పుడు ఇంత ఉడుకు లేదమ్మా. కాలవ గాలి తిన్నగా లోపలికి వచ్చేది. మూడు గంటలు నిలబడ్డా కోటు బరువనిపించలేదు. తర్వాత డబ్బులొచ్చాయి, రేకులొచ్చాయి. ఎండ కూడా ముదిరింది."

మధ్యాహ్నం రెండింటికి అన్న మాటలివి. రెండింటికి! పోయిన నెల ఇదే వేళ నన్ను ఏ సెక్షనని అడిగారు.

21 జూన్

ఇవాళ రెండింటి గంట మరిచిపోయాను, ఊరగాయ జాడీలు ఎండబెడుతూ.

లోపల్నుంచి కేక — "సుగుణా! బెల్లు ఆలస్యం! ఇలాగైతే మెమో ఇస్తాను!"

పరిగెత్తుకెళ్ళి కొట్టాను. ఆనందం పట్టలేక రెండుసార్లు కొట్టాను.

29 జూన్

వాన. మొదటి పెద్ద వాన. తెల్లవారుజామున కింద గదిలోంచి గొంతు. వాక్యాలు, వరసగా, ఒకదాని వెనక ఒకటి. స్టవ్ ఆపేసి తలుపు దగ్గర నిలబడి విన్నాను. కాగని పాలు విరిగాయి. పోనీ.

25 డిసెంబరు

క్రిస్మస్. అరిసెలు బాగా కుదిరాయి. మామయ్య గారు పిల్లలకి కథ చెప్పారు, ఏప్రిల్లో నవ్విన పిల్లలకే. నోళ్ళు తెరుచుకుని విన్నారు. వదిన నన్ను వంటింట్లో పట్టుకుని — "ఏం మందు పెట్టావే?"

"నీళ్ళొదినా."

నమ్మలేదు.

25 ఫిబ్రవరి 2004

భస్మ బుధవారం, నలభై రోజుల ఉపవాసాలు మొదలు. చర్చి గోడ మీద ఏడు మాటల పట్టిక అతికించారు. ఐదో మాట ఎదురుగా దేవదానం గారి అల్లుడి పేరు. మామయ్య గారు కళ్ళద్దాలు పెట్టుకుని చదివారు, తీసి జేబులో పెట్టుకున్నారు. "మంచి కుర్రాడే" అన్నారు.

ఇంటికొచ్చి అన్నం వద్దన్నారు.

26 ఫిబ్రవరి

పాస్టరు గారి దగ్గరికి వెళ్ళాను, ఒక్కదాన్నే.

"ఆయన పొద్దుటి పూట నిక్షేపంగా ఉన్నారండి. పన్నెండు తర్వాత రేకుల కింద నిలబెట్టొద్దని డాక్టరు గారి మాట. ఐదో మాట మొదట పెట్టకూడదా?"

పాస్టరు గారు కంగారుపడ్డారు. "నాలుగు చెప్పకుండా ఐదు ఎలాగమ్మా? సిలువ మీద వరస అది!"

"అయితే అన్నిటినీ పొద్దున్నే పెట్టండి."

"పన్నెండు నుంచి మూడు, అది చీకటి కమ్మిన సమయం…"

"సిలువ వేసింది తొమ్మిదింటికని మీరే చెప్పారు కదండీ, పోయిన ఆదివారం?"

గడ్డం గోక్కున్నారు. కమిటీలో పెడదామన్నారు. దేవదానం గారు ఒప్పుకోరన్నారు.

27 ఫిబ్రవరి

ఒప్పుకోనిది దేవదానం గారు ఒక్కరే కాదు. మామయ్య గారు! ఎవరో చెవినేశారు. "నా ఒక్కడి కోసం ఆరాధన మార్చడమా? ఈ ఇంటి పరువేంగాను? నేను నోరు మూసుకుని వెనక బెంచీలో కూచుంటాను."

"మీకోసమని ఎవరన్నారండీ? మరియమ్మ గారి కోసం. ఎత్తుకున్న పసిపిల్లల కోసం."

"అబద్ధం."

"సగమేనండి."

ముఖం తిప్పుకున్నారు. గంట కొట్టాను. తాగారు, కోపంగానే.

7 మార్చి

స్త్రీల సమాజం కోశాధికారిగా కమిటీకి కాగితం ఇచ్చాను. ఒకే ఒక్క మనవి. ఆరాధన వేళ గురించి తేల్చే మీటింగు ఆ వేళలోనే, ఆ రేకుల కిందే జరగాలి. పన్నెండు నుంచి మూడు.

పాస్టరు గారు చదివి దగ్గారు. నవ్వు దాచుకోవడానికని నాకు తెలుసు. దేవదానం గారు — "దానికేం భాగ్యం! మూడు గంటలు కూచోలేమా?"

28 మార్చి, ఆదివారం

రాసుకోవాలి, ఒక్క ముక్క పోకుండా.

పన్నెండింటికి కమిటీ మగవాళ్ళు వరసగా కూచున్నారు, ఆదివారం టైలతో. మేం ఆడవాళ్ళం వెనక. మధ్యలో బల్ల మీద నా మజ్జిగ బిందె, తడిగుడ్డ చుట్టి. "తీర్మానం అయ్యాక" అన్నాను. ప్రారంభ ప్రార్థన కాగానే కరెంటు పోయింది. అది నా ఏర్పాటు కాదు. దేవుడిదే.

దేవదానం గారు లేచి పాత ఆచారం గురించి మొదలుపెట్టారు. బాగానే మాట్లాడతారు. కాసేపటికి టై వదులు చేశారు. "నా మొదటి అభ్యంతరం" అన్నారు. చెప్పారు. "నా రెండో అభ్యంతరం…" ఆగారు. చెమట తుడుచుకున్నారు. కాగితం తిప్పారు. "మొదటిదేం చెప్పానండీ?"

మరియమ్మ గారు కొంగు అడ్డం పెట్టుకుంటూ — "హాజరు పట్టీ ఎవరి దగ్గరుందో అడగండి కార్యదర్శి గారూ!"

ఆడవాళ్ళంతా ఘొల్లుమన్నారు. నేను నవ్వలేదు. లేచి నిలబడి అన్నాను — "మీకు జబ్బు లేదు కదండీ? వయసూ లేదు. నీళ్ళూ మానలేదు. గంటకే ఇలా ఉంది. ఆయన ఏళ్ళ తరబడి ఈ వేళలో, ఉన్ని కోటుతో, ఎండిన నోటితో నిలబడ్డారు. ఒక్కసారి ఆగారు. ఒక్కసారి."

పైన రేకులు టిక్ టిక్‌మంటున్నాయి.

దేవదానం గారు కూచున్నారు. ఎర్రబడిన ముఖంతో — "పొద్దున ఏడింటికో ఎనిమిదింటికో, ఏదో ఒకటి రాసేయండి పాస్టరు గారూ. ఆ బిందె మూత తీయించండి."

ఏడు అని రాశారు. చేతులన్నీ లేచాయి. మజ్జిగ అందరికీ సరిపోయింది. దేవదానం గారికి మొదటి గ్లాసు నేనే ఇచ్చాను, నిండుగా.

30 మార్చి

దేవదానం గారు ఇంటికొచ్చారు. చెప్పులు బయటే విప్పి, మామయ్య గారి ముందు చేతులు కట్టుకుని — "మాస్టారూ, ఐదో మాట మీదే. మా అల్లుడు కూడా అదే అన్నాడు."

"నువ్వు మీటింగులో పాఠం మరిచావటగా?"

"మరిచానండి."

"ఎన్నో ఎక్కం?"

ఇద్దరూ నవ్వారు. గోడకుర్చీ సంగతి ఆయనకీ గుర్తుంది.

2 ఏప్రిల్

కోటు గొడవ. ఉన్నిది వద్దంటే "కోటు లేకుండా వేదిక ఎక్కను" అని భీష్మించారు. పలచటి నల్ల నూలు తీసుకుని పటమట టైలరుకిచ్చాను. "లైనింగు లేకుండా కోటేంటమ్మా? అది చొక్కా అవుద్ది." అవనీ. కాలరు మాత్రం నిలబడాలన్నాను.

నీళ్ళ దగ్గర మాత్రం ఓడిపోయాను. ఆ రోజు ముట్టరట. "దాహం మాట చెప్పేవాడు నీళ్ళు తాగి చెప్తాడా?" అన్నారు.

9 ఏప్రిల్ 2004, మంచి శుక్రవారం

ఏడింటికి చర్చి నిండిపోయింది. పోయినేడాది కంటే ఎక్కువ జనం. పసిపిల్లలు ఏడవలేదు. మరియమ్మ గారు ముందు బెంచీలో.

నాలుగు మాటలు అయ్యాయి. మామయ్య గారు లేచారు. కొత్త కోటు. ఈయన నా పక్కన పిడికిళ్ళు బిగించి కూచున్నారు. వేదిక మీద గ్లాసు పెట్టించాను, ఆయనకి చెప్పకుండా. చూశారు. పక్కకి జరిపారు.

మొదలుపెట్టారు. గొంతు ఖంగుమంది. పోయినేడాది ఆగిన చోటు వస్తోంది… వచ్చింది. దాటారు. ఆ తర్వాత కావాలనే ఆగారు.

"ఇన్నేళ్ళూ ఈ మాటని బాధ అని చెప్పాను" అన్నారు. "పొరపాటు. ఇది అడగడం. ప్రాణం పోయే వేళ ఆయన సిగ్గుపడకుండా అడిగాడు. మనం అడగం. ఎండిపోతాం గానీ అడగం. నాకు దాహం తెలియడం మానేసింది. మా ఇంట్లో నా బదులు అడిగే మనిషి ఉంది."

గ్లాసు దగ్గరికి లాక్కున్నారు. అందరూ చూస్తుండగా, ఉపవాసం రోజున, వేదిక మీద, చివరి చుక్క దాకా తాగారు. గ్లాసు పెట్టి మళ్ళీ ఎత్తుకున్నారు. ముగించారు. ఒక్క మాట జారలేదు!

ఈయన ఏడ్చారు. నేను ఏడవలేదు. బయటికొచ్చాక వేపచెట్టు కింద నిలబడి, చెప్పులు వెతుక్కుంటున్నట్టు నటిస్తూ, అప్పుడు.

11 ఏప్రిల్, ఈస్టర్

వదిన భవానీపురం నుంచి పులిహోర పట్టుకొచ్చింది. "ఈసారి వచ్చేటప్పుడు మా అత్తగారిని తీసుకొస్తా, చూడవే" అంది. నన్నేదో డాక్టరన్నట్టు. బ్రేకు డ్రమ్ము ఇంకోటి ఉందా అని ఈయన్ని అడిగాను.

12 మే

ఎండలు. తడికలు, సున్నం, గంట, అన్నీ నడుస్తున్నాయి. మధ్యాహ్నాలు నిలకడగా ఉన్నారు. పేపరు చదివి తప్పులు ఎర్ర సిరాతో దిద్దుతున్నారు.

23 మే

రాత్రి జల్లు పడింది. తెల్లవారి గది చల్లగా ఉంది. మామయ్య గారు ముందే నీళ్ళు తాగి వాక్యాలు ఎత్తుకున్నారు. నేను గుమ్మంలో కూచుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వింటున్నాను. సగం దాకా ఏ అడ్డూ లేదు. తర్వాత ఆగారు.

ఎండ లేదు. ఉడుకు లేదు. నీళ్ళు తక్కువ కాలేదు. ఏ సాకూ లేదు.

డాక్టరు గారు చెప్పిన బీట…

చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది. ఆయన నా వైపు చూశారు. భయం లేదు ఆ చూపులో. క్లాసులో ఎవరినైనా లేపి అడిగినట్టు అడిగారు.

"తర్వాతది నీకొచ్చా అమ్మా?"

వచ్చు. ఏడాదిగా రోజూ వింటున్నాను, అక్షరం అక్షరం వచ్చు.

"రాదండి."

"అయితే ఇద్దరం వెతుకుదాం" అని కళ్ళు మూసుకున్నారు.

వెతుకుతున్నారు. నేను పక్కనే కూచున్నాను.